టై ఎలా కట్టుకోవాలి: పొడవు కుదిరితే ముడి కుదిరినట్టే

క్యాంపస్ ఇంటర్వ్యూల కాలం వచ్చినా, మాఘమాసం ముహూర్తాలు మొదలైనా నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న. "అన్నా, టై ఎట్టా కట్టుకోవాలి?" ఒకరికి మాటల్లో చెప్తా, ఇంకొకరికి వీడియో కాల్‌లో చూపిస్తా, మొన్న మా పెద్దమ్మ మనవడినైతే నెల్లూరు ఆత్మకూరు బస్టాండులో ఒక స్తంభం పక్కన నిలబెట్టి నేనే కట్టి పంపించా. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పే ఓపిక లేక ఇవాళ కూర్చుని మొత్తం రాసేస్తున్నా. పదకొండేళ్లు మెడికల్ రెప్‌గా పొగతోట క్లినిక్‌ల మెట్ల మీద, కావలిలో, కందుకూరులో, ఒంగోలులో, రోహిణి కార్తె ఎండల్లో కూడా టైతోనే తిరిగినవాణ్ణి. టై సంగతి నన్ను కాదు, నా మెడను అడగాలి.

ముందు నా సిగ్గు కథ ఒకటి చెప్పేస్తా, అసలు సంగతి అందులోనే ఉంది.

నా మొదటి ఇంటర్వ్యూకి నాకు టై కట్టుకోవడం రాదు. రూమ్మేట్ కట్టిచ్చాడు. ఆ ముడిని విప్పకుండా, తల పట్టేంత వదులు చేసి తీసి, ఇంటికి తెచ్చి గోడకున్న మేకుకి తగిలించా. మూడు వారాలు దేవుడి పటానికి వేసిన దండలాగా దాన్ని కాపాడుకున్నా. ఇంటర్వ్యూ రోజు పొద్దున లేచేసరికి మేకు ఖాళీ. "ఏంది నాయనా, అట్టా ముడేసి తగిలిచ్చావు, ముడతలు పడిపోలా? విప్పి ఇస్త్రీ చేసి పెట్టా" అంది అమ్మ, మడత పెట్టిన టై చేతికిస్తూ. ఇస్త్రీ పెట్టె వేడికి దాని మీద ఒక చోట మెరుపు కూడా వచ్చింది. అమ్మను ఏమంటాం?

ఇంటర్వ్యూ జరిగే హోటల్ గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన, పాత మిలిటరీ మనిషి, ఆరడుగుల పైనే ఉంటాడు, నా అవస్థ చూసి "ఇట్టా ఇవ్వబ్బయ్యా" అని తీసుకుని, తన మెడకే చుట్టుకుని నిమిషంలో ముడేసి, వదులు చేసి తీసి నా మెడలో వేశాడు. ముడి చూస్తే షోరూమ్ బొమ్మకు కట్టినట్టుంది. కొస చూస్తే ప్యాంటు జిప్పు దాటి వేలాడుతోంది. ఆయన ఎత్తుకు సరిపడే పొడవు అది, నాదేమో ఐదడుగుల ఆరంగుళాలు. మళ్లీ కట్టే టైమ్ లేదు. కొసను ప్యాంటులోకి దోపుకుని లోపలికి వెళ్లా. ఎదురుగా కూర్చున్న ముగ్గురిలో ఒకాయన చివరిదాకా నా బెల్టు వైపే చూశాడు. ఉద్యోగం రాలేదు. టై వల్లే రాలేదని అనను, నా సమాధానాలు కూడా అంతంతమాత్రమే.

ఇప్పటిదాకా నన్ను అడిగిన వాళ్లలో చాలామందిది ఇదే బాధ. "ముడి రావట్లేదు" అంటారు, చూస్తే ముడి బాగానే వస్తుంది, కొస మాత్రం బొడ్డు పైన ఆగిపోతుంది, లేదంటే తొడల దాకా జారుతుంది. విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ విప్పి, విసుగొచ్చి జిప్పు టై కొనుక్కుంటారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిస్తే మిగతాది చెయ్యి అలవాటు, అంతే.

కావాల్సినవి

ఒక టై. మామూలు పెద్దవాళ్ల టై 145 నుంచి 150 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. మీరు ఆరడుగులు దాటిన మనిషైతే, లేదా మెడా పొట్టా కొంచెం భారీ అయితే, పొడుగు టై అడగండి, 155 పైన ఉండేవి కూడా దొరుకుతాయి. వెడల్పు మూడు నుంచి మూడుంపావు అంగుళాలు ఉంటే ఇంటర్వ్యూకైనా పెళ్లికైనా నడుస్తుంది. నేర్చుకోవడానికి మాత్రం సిల్కు వద్దు. సిల్కు జారుతుంది, నలుగుతుంది, మనసు కూడా నలుగుతుంది. ట్రంకు రోడ్డు షాపుల్లో దొరికే మామూలు పాలిస్టర్ టై చాలు, అందులోనూ అడ్డ గీతలో ఏటవాలు గీతలో ఉన్నది తీసుకుంటే మెలిక పడినప్పుడు వెంటనే కనిపిస్తుంది.

ఒక ఫుల్ హ్యాండ్స్ చొక్కా, కాలర్ గట్టిగా నిలబడేది. టీషర్టు మీద ప్రాక్టీస్ చేస్తే ముడి ఎక్కడ ఆగాలో తెలీదు. చైనీస్ కాలర్ మీద టై కట్టరు, ఇది కూడా ఒకరు అడిగారు కాబట్టి రాస్తున్నా.

బెల్టు పెట్టుకోండి, కొలత దానితోనే. నడుము పైదాకా కనిపించే అద్దం ఉండాలి. బట్టలారేసే క్లిప్పు ఒకటి దగ్గర పెట్టుకోండి, ఎందుకో తర్వాత చెప్తా.

టై కొనేటప్పుడు ఒక చిన్న పరీక్ష. సన్న కొసను పట్టుకుని టైని గాల్లో వేలాడదీయండి. తిన్నగా వేలాడితే మంచిది, తనంతట తాను తిరిగిపోతుంటే కటింగ్ బాగాలేదని అర్థం. టై బట్టను బ్లౌజు క్రాస్ కటింగ్ లాగా ఏటవాలుగా కత్తిరిస్తారు, అందుకే అది కొంచెం సాగి మళ్లీ తన రూపానికి వస్తుంది. ఏటవాలుగా కత్తిరించి మూడు ముక్కలు కలిపి కుట్టే ఈ పద్ధతిని 1920ల్లో న్యూయార్క్‌లో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే ఆయన తెచ్చాడు. వెనక వైపు కుట్టు చివర వదులుగా ఒక దారం ముక్క కనిపిస్తే కత్తిరించకండి! టై సాగడానికి వీలుగా కావాలనే వదిలిన దారం అది. మా స్నేహితుడు దాన్ని పోగు ఊడిందనుకుని పళ్లతో కొరికేశాడు, నాలుగు రోజులకు టై వెనక కుట్టు మొత్తం విచ్చుకుంది.

ముందు పొడవు

టైకి రెండు కొసలు. వెడల్పుగా ఉన్నది పెద్ద కొస, సన్నగా ఉన్నది చిన్న కొస. పని అంతా పెద్ద కొసే చేస్తుంది, చిన్న కొస కదలకుండా గుంజలాగా నిలబడి ఉంటుంది. ఇది బుర్రలో పెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది.

కాలర్ పైకి లేపి, మెడ దగ్గరి గుండీతో సహా చొక్కా గుండీలన్నీ పెట్టేయండి. టైని మెడ చుట్టూ వేసుకోండి, కుట్టు వైపు ఒంటికి తగలాలి, పెద్ద కొస మీ కుడి చేతి వైపు ఉండాలి. ఇప్పుడు చిన్న కొస చివర ఎక్కడుందో చూడండి. అద్దంలో అంచనాలు వేయక్కర్లేదు, మీ చొక్కా గుండీలే స్కేలు. కాలర్ గుండీని ఒకటిగా లెక్కేసుకుంటూ కిందకు రండి. ఐదున్నర, ఐదు ముప్పావు అడుగుల మనిషికి మామూలు టైతో చిన్న కొస చివర ఐదో గుండీ దగ్గర, అంటే బొడ్డుకు కాస్త పైన ఉండేలా సర్దుకోండి. పెద్ద కొస దానికంటే జానెడున్నర కిందకు వేలాడుతుంది. అంతకంటే పొడుగు మనుషులు చిన్న కొసను కొంచెం పైకి, పొట్టివాళ్లు కొంచెం కిందకి పెట్టుకోవాలి.

మొదటిసారికే సరిగ్గా రావాలని ఏం లేదు. కట్టేశాక కొస బెల్టు బకిల్‌కి నాలుగు వేళ్లు కిందకొచ్చిందా? అయితే విప్పి, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు చిన్న కొసను సరిగ్గా నాలుగు వేళ్లు కిందకు లాగండి. నాలుగు వేళ్లు పైనే ఆగిపోయిందా, చిన్న కొసను నాలుగు వేళ్లు పైకి జరపండి. ఎంత తేడా వస్తే అంతే జరపడం, ఇందులో వేరే లెక్క లేదు. రెండో సారికి, మహా అయితే మూడో సారికి కుదురుతుంది. కుదిరిన రోజున ఏ గుండీ దగ్గర మొదలుపెట్టారో గుర్తు పెట్టుకోండి, ఆ టైకి జీవితాంతం అదే నంబరు. నాకు ఐదో గుండీ కింద రెండు వేళ్లు. పెళ్లయ్యాక కొంచెం మారింది, అది టై తప్పు కాదు.

ముడి, మొదటి రకం

కేంబ్రిడ్జిలో ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు కూర్చుని లెక్కగట్టి, మామూలు టైని 85 రకాలుగా కట్టొచ్చని 1999లో తేల్చారు. మనకు రెండు చాలు, నిజానికి ఒకటి చాలు. ఆ ఒక్కటి ఫోర్ ఇన్ హ్యాండ్. ఇంగ్లిష్‌లో నాలుగు గుర్రాల బండికి కూడా ఇదే పేరు. ఇది మన జారుముడి లాంటిదే, చిన్న కొస పట్టుకుంటే పైకీ కిందకీ జారుతుంది. పీటముడి పడిందంటే ఎక్కడో దారి తప్పారన్నమాట.

కుడి ఎడమలు అన్నీ మీ చేతుల లెక్కే, అద్దంలో మనిషివి కావు.

1. పెద్ద కొసను చిన్న కొస మీదుగా ఎడమ వైపు దాటించండి. మెడ కింద గుణకారం గుర్తులా పడుతుంది. ఇది కాలర్ గుండీకి దగ్గరగా పడాలి, ఛాతీ మధ్యలో కాదు. ఆ కలిసిన చోటును ఎడమ చేతి బొటనవేలు, చూపుడు వేలుతో పట్టుకోండి, చివరిదాకా వదలొద్దు.

2. పెద్ద కొసను చిన్న కొస వెనక నుంచి కుడి వైపు తెండి. ఇప్పుడు పెద్ద కొస వెనక వైపు కుట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి, అలాగే ఉండాలి.

3. మళ్లీ ముందు నుంచి ఎడమకు దాటించండి. ఈ అడ్డంగా పడిన పట్టీయే రేపు బయటికి కనిపించే ముడి ముఖం. కాబట్టి ఇక్కడ బట్టను మడత లేకుండా సాపు చేయండి. మరీ బిగించొద్దు, ఇంకో కొస దూరాలి.

4. పెద్ద కొసను మెడ దగ్గరి సందులోకి, కింద నుంచి పైకి పోనివ్వండి. మెడ దగ్గరి సందు అంటే మీ గొంతుకూ టైకీ మధ్య ఉన్న ఖాళీ. కొస మీ గడ్డం ముందు బయటికొస్తుంది.

5. బయటికొచ్చిన కొసను మూడో మెట్టులో వేసిన అడ్డ పట్టీ వెనక నుంచి కిందకు దూర్చండి. ఎడమ చేతి చూపుడు వేలు ముందే ఆ పట్టీ కింద పెట్టుకుని ఉంటే దారి వెతుక్కోనక్కర్లేదు. కొంతమంది ఇక్కడ పట్టీ ముందు నుంచే కిందకు వదిలేస్తారు, రెండు అడుగులు వేయగానే మొత్తం ఊడి చేతికొస్తుంది.

6. ఇప్పుడు బిగించడం. ముందు పెద్ద కొసను నెమ్మదిగా కిందకు లాగి ముడికి రూపం తెండి. తర్వాత ఒక చేత్తో చిన్న కొస పట్టుకుని, ఇంకో చేత్తో ముడిని పైకి, కాలర్ గుండీ మూసుకునేదాకా జరపండి. మెడ దగ్గరకు తేవడానికి పెద్ద కొసను పట్టుకు గుంజకండి, ముడి రాయిలా గట్టిపడుతుంది కానీ పైకి ఎక్కదు.

7. సొట్ట. ముడి కింద టై మధ్యలో బుగ్గ సొట్టలా చిన్న గుంట పడాలి. ముడి పూర్తిగా బిగించకముందే, అది చేతికి మెత్తగా ఉన్నప్పుడే, పెద్ద కొస మధ్యలో చూపుడు వేలితో నొక్కి, రెండు పక్కలా బొటనవేలు, మధ్యవేలుతో దగ్గరకు చిటికెలా పట్టి అప్పుడు కిందకు లాగండి. పూర్తిగా బిగించాక సొట్ట పెట్టాలని చూస్తే రాదు. నాకిది రావడానికి నెల పట్టింది. రాకపోయినా కొంపలు మునగవు, కానీ వస్తే చూసేవాళ్లకు తేడా తెలుస్తుంది.

8. కాలర్ దించండి. వెనక మెడ దగ్గర కాలర్ కింద నుంచి టై తొంగి చూస్తోందేమో వేళ్లతో తడుముకోండి. చిన్న కొసను పెద్ద కొస వెనక ఉన్న చిన్న పట్టీలో దూర్చండి.

ఈ ముడి కొంచెం ఒక పక్కకు వాలి ఉంటుంది. అది తప్పు కాదు, దాని పద్ధతే అంత. నిట్టనిలువుగా, మూడు మూలలూ సమంగా రావాలని దీన్ని గంట సేపు సర్దేవాళ్లను చూశాను.

ముడి, రెండో రకం

సమంగా ఉండే త్రికోణం ముడి కావాలంటే హాఫ్ విండ్సర్. కాలర్ కొసలు రెండూ బాగా ఎడంగా ఉన్న చొక్కాకి, పెళ్లి రిసెప్షన్ సూటుకి ఇది నప్పుతుంది. బట్ట ఎక్కువ తింటుంది కాబట్టి చిన్న కొసను ఒక గుండీ పైకి, అంటే నాలుగో గుండీ దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి.

1. పెద్ద కొస ముందు నుంచి ఎడమకు.
2. చిన్న కొస వెనక నుంచి కుడికి.
3. అక్కడి నుంచి పైకి, మెడ సందు మీదుగా లోపలికి వేసి, ఎడమ వైపు కిందకు తీయండి. మొదటి రకానికీ దీనికీ అసలు తేడా ఈ చుట్టే.
4. ముందు నుంచి అడ్డంగా కుడికి. ఇది ముఖం పట్టీ.
5. కింద నుంచి మెడ సందులోకి, పైకి.
6. ముఖం పట్టీ వెనక నుంచి కిందకు. బిగించడం, సొట్ట అన్నీ పైన చెప్పినట్టే.

మెడ సందు మీదుగా ఇంకో చుట్టు ఎక్కువ వేసే ఫుల్ విండ్సర్ కూడా ఉంది. మన దగ్గర దొరికే టైలకు, మన కాలర్లకు అది మెడలో సమోసా పెట్టుకున్నట్టు ఉంటుంది, నేను ఎవరికీ చెప్పను. తమాషా ఏమిటంటే 1936లో ఇంగ్లండు గద్దె వదిలి విండ్సర్ డ్యూక్ అయిన ఎనిమిదో ఎడ్వర్డ్ పేరు మీదనే ఈ ముడి చలామణీ అవుతోంది కానీ, ఆయన కట్టుకున్నది మామూలు ముడే. టై లోపలి బట్టను మందంగా వేయించుకునేవాడు, దాంతో ముడి లావుగా కనిపించేది. అంటే లావు ముడి కావాలనుకుంటే చుట్లు పెంచే బదులు మందం టై కొనుక్కోవచ్చు.

ఎక్కువమంది చేసే తప్పులు

వీడియో చూసి కట్టడం తప్పు కాదు, కానీ అందులో ఎదురుగా నిలబడ్డ మనిషి కుడి మీకు ఎడమ. కొన్ని మెట్లు అతని చేతి లెక్కన, కొన్ని మీ చేతి లెక్కన చేస్తే ముడి మధ్యలో దారి తప్పుతుంది. నిజానికి మొత్తం అద్దంలోలాగా తిరగేసి కట్టినా టై పడుతుంది, ముడి ఇంకో పక్కకు వాలుతుంది, అంతే. ఎడమ చేతి వాటం వాళ్లు అలాగే కడతారు. మొదలుపెట్టాక మాత్రం మధ్యలో మార్చకూడదు. వీడియో ఒకసారి చూసి, ఫోన్ పక్కన పడేసి, ఈ మెట్లు ఎవరితోనైనా పైకి చదివించుకుంటూ కట్టండి, తొందరగా వస్తుంది.

చిన్న కొస కదిలిపోవడం ఇంకోటి. పెద్ద కొసను తిప్పుతున్నప్పుడు రెండో చెయ్యి తెలియకుండానే చిన్న కొసను లాగుతుంది, కొలిచి పెట్టుకున్న గుండీ లెక్క అంతా పోతుంది. మొదట్లో చెప్పిన బట్టల క్లిప్పు దీనికే. చిన్న కొసను కావాల్సిన గుండీ దగ్గర చొక్కాకి కలిపి క్లిప్పు పెట్టేయండి, ఒకటి నుంచి ఐదు మెట్ల దాకా అది కదలదు, బిగించేటప్పుడు తీసేయండి. గుండుసూది పెట్టొద్దు, సిల్కు మీద చిల్లు అలాగే ఉండిపోతుంది.

కాలర్ గుండీ పెట్టకుండా టైతో మూసేద్దాం అనుకోవడం. కూర్చుని లేచేసరికి ముడి జారి గుండీ లేని సంగతి బయటపడుతుంది. గుండీ పెడితే ఊపిరాడట్లేదు అంటే చొక్కా కాలర్ చిన్నదని అర్థం. గుండీ పెట్టాక కాలర్‌కీ మెడకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. దూరకపోతే ఆ గుండీని చివరికి జరిపి కుట్టమని టైలర్‌కి ఇవ్వండి, అర అంగుళం కలిసొస్తుంది.

వెనక మెడ దగ్గర మెలిక పడి ఉండటం అద్దంలో కనిపించదు, వెనక కూర్చున్నవాడికి కనిపిస్తుంది. ముడి మొదలుపెట్టే ముందు మెడ చుట్టూ ఒకసారి వేళ్లు పోనిచ్చి సాపు చేసుకోవడం అలవాటు చేసుకోండి.

ఇక ముడి అలాగే ఉంచి తలలోంచి తీసి మేకుకి తగిలించడం. దీని గతి ఏమవుతుందో పైన చెప్పాను.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

అద్దం ముందు తిన్నగా, పొట్ట లోపలికి లాక్కోకుండా నిలబడండి. పొట్ట లాక్కుని కొలుచుకుంటే బయటికెళ్లి ఊపిరి వదలగానే టై రెండు వేళ్లు పైకి పోతుంది. పెద్ద కొస చివరి మూల బెల్టు బకిల్‌ను తాకాలి. బకిల్ మధ్యకు వచ్చినా పరవాలేదు, బకిల్ దాటి కిందకు మాత్రం రాకూడదు, చొక్కా కనిపించేంత పైన కూడా ఆగకూడదు. చిన్న కొస పెద్ద కొస వెనక పూర్తిగా దాగాలి. కాలర్ గుండీ కనిపించకూడదు. తల అటూ ఇటూ తిప్పి చూడండి, ముడి తిరగకూడదు.

తర్వాత ఒక కుర్చీలో కూర్చుని లేవండి. రెండు చేతులూ పైకెత్తి దించండి. ఇంత చేసినా ముడి కాలర్ దగ్గరే ఉంటే కుదిరినట్టే. చివరిగా ఇంట్లో ఎవరితోనైనా ముందు నుంచీ వెనక నుంచీ రెండు ఫొటోలు తీయించుకోండి, సెల్ఫీ వద్దు, చెయ్యి ఎత్తితే టై కూడా పైకి లేస్తుంది.

టైపిన్ ఉంటే మూడో గుండీకీ నాలుగో గుండీకీ మధ్య, టైతో పాటు చొక్కా పట్టీ కూడా కలిసేలా పెట్టండి. టైకి మాత్రమే పెడితే అది నగ కింద లెక్క, ఫ్యాను గాలికి టై ఎగరడం ఆగదు.

ఇంకొకరికి కట్టాలంటే

ఎదురుగా నిలబడి కట్టడానికి ప్రయత్నిస్తే చేతులు తిరగబడతాయి. పెళ్లికొడుక్కి కట్టేటప్పుడు ఇద్దరూ అద్దం ముందు నిలబడండి, మీరు అతని వెనక, చేతులు అతని భుజాల మీదుగా ముందుకు. అప్పుడు మీ కుడి ఎడమలే అతని కుడి ఎడమలు. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. లేదంటే కూర్చుని మీ తొడకు చుట్టి ముడేసి, వదులు చేసి అతని మెడలో వేసి, పొడవు అతని ఒంటి మీద సరిచూడండి. మీ మెడకు కట్టుకుని తీసి ఇస్తే నాకు జరిగిందే జరుగుతుంది.

స్కూలు పిల్లల టైలు పొట్టివి, మెట్లు ఇవే. రోజూ ఏడు గంటల హడావిడిలో ఆటో హారన్ కొడుతుంటే నేర్పే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి ఒకసారి కట్టి వదులు చేసి తల మీదుగా తీసేయొచ్చు, ఆ పాలిస్టర్ టైకి ఏం కాదు. ఆదివారం ఒకటి మాత్రం నేర్పడానికి పెట్టుకోండి.

మన ఎండలు, మన పులుసు

ఇంటి దగ్గరే కట్టుకుని బయల్దేరకండి. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో బస్సులో మూడు గంటలు కూర్చుని వస్తే నెల్లూరులోనో ఒంగోలులోనో దిగేసరికి కాలర్ తడిసి, ముడి జారి, టై మీద సీటు బెల్టులాగా అడ్డ ముడత పడి ఉంటుంది. టైని సగానికి మడిచి, మడత వైపు నుంచి వదులుగా చుట్టి, పొడిగా తుడిచిన స్టీలు టిఫిన్ బాక్సులో పెట్టుకోండి. నలగదు, తడవదు. అక్కడికి చేరాక మొహం కడుక్కుని, మెడ పూర్తిగా ఆరాక కట్టుకోండి. తడి మెడ మీద టై జరగదు.

భోజనం దగ్గర టైని ఎడమ భుజం మీదుగా వెనక్కి వేసుకోండి, లేదంటే చొక్కా రెండో, మూడో గుండీల మధ్య లోపలికి దోపుకోండి. రిసెప్షన్‌లో చేపల పులుసు ఉందంటే టై విప్పి జేబులో పెట్టుకోవడమే నయం, పులుసులో నూనె, పసుపు, చింతపండు మూడూ ఉన్నాయి, మూడూ పట్టుకుంటే వదలవు. మరక పడితే రుద్దకండి. పొడి గుడ్డతో అద్దండి, నూనె మరకైతే టాల్కమ్ పౌడర్ చల్లి కొన్ని గంటలు ఉంచి దులపండి. సిల్కు టై మీద నీళ్లు పోయొద్దు, నీటి మరక ఇంకోటి తోడవుతుంది, డ్రైక్లీనింగ్‌కి ఇచ్చేయండి.

విప్పేటప్పుడు చిన్న కొసను ముడిలోంచి సర్రున లాగేయడం చాలామందికి ఇష్టం, నాకూ ఇష్టమే, కానీ అలా లాగితే బట్ట సాగి మెలిక పడుతుంది. ముడిని కొంచెం కిందకు దించి, కట్టిన దారినే వెనక్కి విప్పండి. విప్పిన టైని హ్యాంగర్ మీద వేస్తే రాత్రికి రాత్రి ముడతలు చాలావరకు వాటంతట అవే పోతాయి. పోని ముడత ఉంటే టై మీద పలచటి నూలు గుడ్డ పరిచి, తక్కువ వేడి మీద, అంచులు నొక్కకుండా ఇస్త్రీ పెట్టెను పైపైన పోనివ్వండి. అంచులు కాగితం మడతలాగా పదునుగా తేలాయంటే ఆ టై చచ్చినట్టే.

ఇంటర్వ్యూ ముందు రోజు రాత్రి టైని ఎక్కడ పెట్టారో, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని ఇంట్లో అమ్మకు చెప్పి పడుకోండి.